చదవలేనిదా, చదవనివ్వనిదా?

అప్పుడే సీలు విప్పిన కొత్త డీవీడీలో కూడా తప్పులుంటాయి. నాసిరకం సరుకు సంగతి కాదు నేను చెప్పేది. ఎన్ని తప్పులదాకా ఫరవాలేదో డీవీడీ ప్రమాణాల్లోనే రాసి ఉంది. డిస్కు మీద సమాచారాన్ని బ్లాకులుగా పేరుస్తారు. ఒక్కో బ్లాకులో 208 వరసలు. ఎక్కడైనా సరే, ఒకదాని తర్వాత ఒకటిగా ఎనిమిది బ్లాకులు తీసుకుంటే 1664 వరసలవుతాయి. వాటిలో 280 వరసల్లో తప్పు బైట్లు కనిపించినా ఆ డిస్కు పాసైనట్టే లెక్క. అంటే ఆరు వరసలకు ఒకటి చెడినా అడిగేవాడు లేడు. తెర మీద బొమ్మ చెదరదు, హీరో డైలాగు తడబడదు. తప్పులు చూసేవాడిదాకా రాకుండా డ్రైవే సర్దేస్తుంది.

ఇన్ని తప్పుల్ని చప్పుడు చెయ్యకుండా మింగేసే యంత్రం ఒకచోట ఆగిపోయి 'రీడ్ ఎర్రర్' అందంటే అక్కడ జరిగింది మామూలు విషయం కాదు. తమాషా ఏమిటంటే, కంప్యూటర్లో కాపీ తీస్తుంటే సగంలో చేతులెత్తేసిన డిస్కునే టీవీ కింద ఉన్న ప్లేయర్లో పెడితే 'శుభం' దాకా హాయిగా ఆడుతుంది. మరి డిస్కు పాడైందనాలా, బాగుందనాలా? జవాబు దొరకాలంటే ముందు డీవీడీ నిజంగా పాడవడమంటే ఏమిటో చూడాలి.

డీవీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. చూడటానికి ఒకటే పలకలా ఉన్నా, నిజానికి 0.6 మిల్లీమీటర్ల పాలికార్బొనేట్ పలకలు రెంటిని అతికించి చేస్తారు. సమాచారం ఆ అతుకు దగ్గర, మధ్యలో ఉంటుంది. సీడీకి ఈ రక్షణ లేదు. దాని అల్యూమినియం పొర లేబుల్‌కి సరిగ్గా కిందే ఉంటుంది కనుక బాల్‌పెన్నుతో గట్టిగా పేరు రాసినా పాడైపోవచ్చు. డీవీడీలో గుంటల వరస లోపలి నుంచి బయటికి చుట్లు తిరుగుతూ పోతుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం 0.74 మైక్రాన్లు. ఒక పొరలో ఉన్న చుట్లన్నీ విప్పి సాగదీస్తే దాదాపు 12 కిలోమీటర్లు.

దీన్ని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. డిస్కు పైతలాన్ని తాకేచోట ఆ కిరణం వెడల్పు అర మిల్లీమీటరు. లోపల గుంటల పొరను చేరేసరికి అర మైక్రాను చుక్కగా కుదించుకుపోతుంది, అంటే వెయ్యో వంతు. అందుకే పైన పడ్డ దుమ్ము, సన్నటి గీతలు దానికి పెద్దగా ఆనవు. వేలిముద్ర సంగతి వేరు. ఆ జిడ్డు కిరణం వెడల్పు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ మేర పరుచుకుని కాంతిని మసకబారుస్తుంది. చాలా 'పాడైన' డిస్కులు ఒక్కసారి తుడిస్తే బాగుపడటానికి కారణం ఇదే.

ఇక దిద్దుబాటు. దీని మూలం 1960లో ఉంది. ఎంఐటీ లింకన్ లేబొరేటరీలో పనిచేసే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలమన్ అనే ఇద్దరు ఆ ఏడాది ఐదు పేజీల గణిత వ్యాసం ఒకటి ప్రచురించారు. అంత లెక్క చకచకా వేసే యంత్రాలు అప్పటికి లేవు. తర్వాత వాయేజర్ నౌకలు, సీడీలు, డీవీడీలు అన్నీ ఆ వ్యాసాన్ని నమ్ముకున్నవే.

షావుకారు చిట్టాలో అడ్డం మొత్తం, నిలువు మొత్తం వేసుకుంటాడు చూడండి, పద్ధతి అలాంటిదే. ఒక గడిలో అంకె చెరిగిపోతే మొత్తంలోంచి మిగతావి తీసేసి దాన్ని రాబట్టవచ్చు. డీవీడీ 2048 బైట్ల సెక్టార్లు పదహారింటిని, వాటి గుర్తింపు బైట్లతో సహా, 192 అడ్డువరసలు, 172 నిలువు వరసల పట్టికగా పేరుస్తుంది. ప్రతి అడ్డువరస చివర 10 అదనపు బైట్లు, పట్టిక అడుగున 16 అదనపు వరసలు చేరుస్తుంది. వట్టి కూడికైతే చెరిగిన గడి ఏదో మనకు ముందే తెలియాలి, అదీ ఒక్క గడే అయి ఉండాలి. రీడ్, సాలమన్‌ల లెక్క బహుపదులతో వేసేది. ఒక అడ్డువరసలో ఏ ఐదు బైట్లు తప్పినా, తప్పు ఎక్కడుందో తనే కనిపెట్టి తనే సరిచేస్తుంది. ఐదు దాటితే ఆ వరస మొత్తానికీ ఒక గుర్తు పెట్టి నిలువు లెక్కకు వదిలేస్తుంది. నిలువు లెక్క అలా గుర్తు పెట్టిన వరసలు పదహారింటిదాకా తిరిగి పుట్టించగలదు.

ఈ పదహారును డిస్కు మీద కొలతగా మార్చి చూద్దాం. మామూలు వేగంలో ట్రాకు లేజర్ ముందునుంచి సెకనుకు 3.49 మీటర్లు జరుగుతుంది. ఆ సెకనులో 676 సెక్టార్లు దాటుతాయి. భాగిస్తే ఒక్కో సెక్టార్ పొడవు 5 మిల్లీమీటర్ల పైచిలుకు, బ్లాకు పొడవు 82 మిల్లీమీటర్లు. అందులో 208 వరసలకు 16 వరసల వాటా, అంటే 6 మిల్లీమీటర్ల పైచిలుకు. ట్రాకు వెంబడి 6 మిల్లీమీటర్ల మేర సమాచారం పూర్తిగా తుడిచిపెట్టుకుపోయినా డ్రైవ్ దాన్ని మళ్ళీ రాబట్టుకుంటుందన్నమాట. మధ్య నుంచి అంచుకు పడిన గీత ఎంత పొడుగున్నా ట్రాకును అడ్డంగానే కోస్తుంది, ప్రతి చుట్టులోనూ మిల్లీమీటరో అరో పోతుంది, అంతే. అదే చుట్టు వెంబడి గుండ్రంగా పడిన గీత చిన్నదే అయినా 6 మిల్లీమీటర్లు దాటితే ఆ బ్లాకు ఆశ వదులుకోవలసిందే. డిస్కును గుండ్రంగా తుడవకండి, మధ్య నుంచి అంచుకు తుడవండి అని డబ్బా మీద రాసేది ఇందుకే. గుండ్రంగా తుడిచే చేతి కింద ఒక్క ఇసుక రేణువున్నా చాలు. టూత్‌పేస్టు పూసి రుద్దే చిట్కా కూడా ఉంది. అది పైతలాన్ని సన్నగా అరగదీసి గీత అంచుల్ని నునుపు చేస్తుంది కాబట్టి లోతులేని గీతలకు కొన్నిసార్లు పనిచేస్తుంది. నాకైతే ఆ చిట్కా మీద గౌరవం లేదు. గీత పోతే పోవచ్చు, చుట్టూ సన్నటి రాపిడి మచ్చలు మిగులుతాయి.

నిజంగా పాడైన డిస్కుకు ఒక ముద్ర ఉంటుంది. కాపీ సాఫ్ట్‌వేర్ ఏయే సెక్టార్ల దగ్గర ఆగిందో ఆ సంఖ్యల జాబితా తీసుకోండి. దిద్దుబాటు బ్లాకు మొత్తానికి కలిపి జరుగుతుంది కాబట్టి బ్లాకు పోతే పదహారు సెక్టార్లూ కలిసే పోతాయి, ఆ గుంపు మొదటి సంఖ్య పదహారుతో భాగించబడుతుంది. డిస్కు లోపలి అంచు దగ్గర ఒక చుట్టులో 29 సెక్టార్లు పడతాయి, బయటి అంచు దగ్గర 70. లోతైన దెబ్బ ఒకటి అడ్డంగా తగిలిందంటే తప్పులు మొదట 29, 30 సెక్టార్లకోసారి, బయటికి పోయేకొద్దీ 40, 50, 70 సెక్టార్లకోసారి తిరిగి తిరిగి వస్తాయి. డిస్కును చూడకుండానే, ఆ ఎడాన్ని బట్టి దెబ్బ మధ్యకు ఎంత దూరంలో ఉందో లెక్కకట్టవచ్చు. రెండు పొరల డిస్కులో ఇంకొక మెలిక ఉంది. సినిమాలకు మొదటి పొరను లోపలి నుంచి బయటికి, రెండో పొరను బయటి నుంచి లోపలికి చదువుతారు. కాబట్టి ఇంటర్వెల్ ప్రాంతం డిస్కు బయటి అంచున పడుతుంది. మనం వేళ్ళతో పట్టుకునేదీ, డిస్కు వంగితే ముందుగా తేడా వచ్చేదీ అక్కడే. 'సగం సినిమా దగ్గర ఆగిపోతోంది' అన్న ఫిర్యాదు అంత ఎక్కువగా వినిపించడంలో వింతేమీ లేదు.

అయితే జాబితా ఎప్పుడూ ఇలా ఉండదు. మెనూ వివరాలుండే ఐఎఫ్ఓ ఫైళ్ళు చక్కగా కాపీ అవుతాయి, సినిమా ఉండే వీఓబీ ఫైల్లోకి అడుగుపెట్టగానే డ్రైవ్ నిలబడిపోతుంది. గీత ఇంత పద్ధతిగా ఫైలు చూసుకుని పడదు. ఇక్కడ డ్రైవ్ కంప్యూటర్‌కి పంపే కబురు చదవాలి. ప్రతి వైఫల్యానికీ డ్రైవ్ మూడు సంఖ్యలు పంపుతుంది. 3, 11, 00 అంటే డిస్కులో లోపముంది, ఎంత ప్రయత్నించినా ఆ సెక్టార్ రాలేదని అర్థం. 5, 6ఎఫ్, 03 అంటే సెక్టార్ బాగానే ఉంది కానీ అది తాళం వేసిన సెక్టార్, నువ్వెవరో రుజువు చేసుకోకుండా ఇవ్వను అని. 5, 6ఎఫ్, 04 అంటే ఈ డిస్కు రీజియన్ (అది ఏ ప్రాంతంలో ఆడాలో చెప్పే అంకె) వేరు, నా రీజియన్ వేరు అని. మూడూ మూడు వేరు వేరు సంగతులు. కాపీ సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఈ మూడింటినీ ఒకే 'రీడ్ ఎర్రర్' కింద కలిపేసి చూపిస్తాయి. జనం మంచి డిస్కుల్ని అరగదియ్యడానికి సగం కారణం ఆ బద్ధకమే.

ఆ తాళం పేరు కంటెంట్ స్క్రాంబుల్ సిస్టమ్, పొట్టిగా సీఎస్ఎస్. 1996లో డీవీడీతో పాటే వచ్చింది. సినిమాను ఒక తాళంచెవితో కలగాపులగం చేస్తారు. ఆ తాళంచెవిని డిస్కు తాళంచెవితో మూస్తారు. ఆ డిస్కు తాళంచెవిని ప్లేయర్లు చేసే కంపెనీలకిచ్చిన తాళంచెవులు ఒక్కొక్కదానితోనూ విడివిడిగా మూసి, డిస్కు మొదట్లో మామూలు ఫైళ్ళకు అందని పట్టీలో అచ్చువేస్తారు. మనం కొనే ఖాళీ డీవీడీల్లో ఆ పట్టీ రాయడానికి వీల్లేకుండా ముందే నింపి ఉంటుంది. అందుకే బైటుకు బైటు కాపీ తీసినా ఆ కాపీ ఆడదు. వెనకటి డబ్బాలో ఉన్న తాళంచెవి కొత్త డబ్బాలోకి రాలేదు మరి. కంప్యూటర్లో డ్రైవూ, ప్లేయర్ సాఫ్ట్‌వేరూ ముందు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి, అప్పుడే తాళం వేసిన సెక్టార్లు బయటికొస్తాయి.

తాళంచెవి పొడవు 40 బిట్లు. అప్పటికే అది చిన్నదని నిపుణులకు తెలుసు, పైగా లెక్క నిర్మాణంలోనే లొసుగులున్నాయి. 1999లో నార్వేకు చెందిన యోన్ లెక్ యోహాన్సెన్ పేరుతో ముడిపడిన డీసీఎస్ఎస్ అన్న చిన్న ప్రోగ్రాం బయటికొచ్చింది. అప్పుడతనికి 15 ఏళ్ళు. కేసు పెట్టారు. తను కొనుక్కున్న డిస్కును తను చూసుకోవడం నేరం కాదని కోర్టు 2003 జనవరిలో వదిలేసింది, అదే ఏడాది డిసెంబరులో పై కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

రీజియన్ గొడవ మనవాళ్ళకు బాగా తెలుసు. అమెరికా 1, భారతదేశం 5. 2000 నుంచి వచ్చిన కంప్యూటర్ డ్రైవులు రీజియన్‌ను తమలోనే దాచుకుంటాయి, ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తాయి, ఆ తర్వాత ఎక్కడుంటే అక్కడే స్థిరం. ఇక్కడినుంచి సూట్‌కేసులో డిస్కులు పట్టుకెళ్ళిన తెలుగువాళ్ళకి డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కంప్యూటర్ అడ్డం తిరిగితే అది గీతల వల్ల కాకపోవచ్చు. విదేశాల్లో అమ్మడానికి వేసిన తెలుగు సినిమా డిస్కులు చాలావాటికి రీజియన్ పెట్టేవారు కారు కాబట్టి ఈ బాధ అక్కడి ఇళ్ళలో కొన్ని డిస్కులకు ఉండేది, కొన్నింటికి ఉండేది కాదు. దాంతో అనుమానం డిస్కు మీదికే పోయేది.

తాళం విరిగిందని లోకమంతా తెలిశాక స్టూడియోలకు ఏం చెయ్యాలో తోచలేదు. కోట్ల ప్లేయర్లు ఇళ్ళల్లో ఉన్నాయి, తాళం మార్చితే అవన్నీ పనికిరావు. అప్పుడు ఎంచుకున్న దారి నాకు ఈ కథలో అన్నిటికన్నా తెలివైనదిగానూ, కొంచెం సిగ్గుమాలినదిగానూ కనిపిస్తుంది. డిస్కును కావాలనే పాడుచెయ్యడం!

ఆలోచన ఇది. ప్లేయర్ డిస్కును మొదటినుంచి చివరిదాకా చదవదు. ఐఎఫ్ఓ ఫైలు తెరిచి, సినిమా ఏ ముక్కతో మొదలవుతుందో, దాని తర్వాత ఏ ముక్కకు వెళ్ళాలో చూసుకుంటూ గెంతుతుంది. కాపీ తీసే ప్రోగ్రాంకు ఇదేమీ పట్టదు, సున్నా సెక్టార్ దగ్గర మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోతుంది. కాబట్టి ప్లేయర్ ఎప్పుడూ అడుగుపెట్టని చోట్ల చదవడానికి వీల్లేని సెక్టార్లు అచ్చువేస్తే చూసేవాడికి ఏమీ తెలియదు, కాపీ తీసేవాడు మాత్రం అక్కడ పడతాడు. సోనీ డీఏడీసీ దీన్ని ఆర్కాస్ పేరుతో అమ్మింది. మాక్రోవిజన్ 2005లో రిప్‌గార్డ్ తెచ్చింది. కొన్నిటిలో ఎటూ పోని ముక్కల వరసలు, ఉత్తుత్తి టైటిళ్ళు డజన్లకొద్దీ పెట్టి ప్రోగ్రాంను అయోమయంలో పడేసే ఏర్పాటు కూడా ఉండేది.

అలాంటి డిస్కు పెట్టినప్పుడు డ్రైవ్ దగ్గర కూర్చుంటే విషయం చెవికే తెలుస్తుంది. బొంయ్‌మని ఒకే శ్రుతిలో తిరుగుతున్న మోటారు ఉన్నట్టుండి స్వరం దించుతుంది. లెన్సు ముందుకూ వెనక్కూ జరుగుతూ టిక్కు టిక్కుమంటుంది. డ్రైవ్ తన మామూలు ధర్మం ప్రకారం వేగం తగ్గించి మళ్ళీ చదువుతోంది, ఫోకస్ సవరించుకుని ఇంకోసారి చదువుతోంది. ఒక్కో సెక్టార్‌కీ కొన్ని సెకన్లు. అలాంటివి వేలల్లో ఉంటే రాత్రి మొదలైన కాపీ తెల్లారినా కదలదు. తప్పులు దిద్దడానికి పెట్టిన పట్టుదలనే ఇక్కడ డ్రైవ్ మీదికి తిప్పారు.

ఇది కొత్త ఎత్తేమీ కాదు. 1980లలో ప్రోలాక్ అనే ఫ్లాపీ రక్షణలో లేజర్‌తో ఫ్లాపీ మీద నిజంగానే ఒక మచ్చ కాల్చేవారు, ప్రోగ్రాం ఆ మచ్చ ఉందా లేదా అని చూసుకుని మొదలయ్యేది. 2002 నాటి కొన్ని ఆడియో సీడీల రక్షణ మరీ బలహీనం. డిస్కు బయటి అంచున మార్కర్ పెన్నుతో గీత గీస్తే చాలు, రక్షణ ఉన్న భాగం కంప్యూటర్‌కి కనబడకుండా పోయేది.

కావాలని చేసిన తప్పుకు కూడా ఖర్చుంటుంది, ఆ ఖర్చు కొన్నవాడి నెత్తిన పడింది. ప్లేయర్లన్నీ ఒకేలా నడుచుకోవు. 2007లో సోనీ పిక్చర్స్ విడుదల చేసిన 'క్యాసినో రాయల్', 'ద హాలిడే' వంటి డిస్కులు కొన్ని ప్లేయర్లలో ఆడలేదు. ఆడని ప్లేయర్లలో సోనీ వాళ్ళదే ఒక మోడల్ ఉంది. కాపీ తీసేవాళ్ళు మాత్రం అప్పటికే ప్లేయర్‌లాగే ఐఎఫ్ఓ దారి పట్టుకుని చదివే ప్రోగ్రాంలకు మారిపోయారు.

చట్టం సంగతి ఇక్కడ చెప్పకపోతే అధ్యాయం కుంటుతుంది. అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలేనియం కాపీరైట్ చట్టం ఇలాంటి తాళాలు తియ్యడాన్నే నిషేధించింది, మూడేళ్ళకోసారి కొన్ని మినహాయింపులిస్తుంది. కొన్నవాడు తన కంప్యూటర్లో ఒక కాపీ దాచుకునేందుకు రియల్ నెట్‌వర్క్స్ తెచ్చిన రియల్‌డీవీడీని 2009లో అక్కడి కోర్టు ఆపేసింది. మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్ 2012 సవరణతో వచ్చింది. అది తాళం తియ్యడానికి 'హక్కులు ఉల్లంఘించే ఉద్దేశం' ఉండాలంటుంది, ఉంటే రెండేళ్ళదాకా జైలు. ఉద్దేశాన్ని చూడమనడం నా దృష్టిలో అమెరికా పద్ధతి కన్నా నయం. తాళం తీసే పద్ధతులు ఈ పుస్తకం పని కాదు. తప్పు ఏ జాతిదో గుర్తుపట్టడం మాత్రం ఎవరికైనా అవసరమే, ఎందుకంటే ఇళ్ళల్లో ఉన్న డిస్కుల్లో చాలావాటికి అసలు ఏ తాళమూ లేదు. పెళ్ళి వీడియో డీవీడీ తిరగేసి చూడండి, అడుగు ఊదారంగులో ఉంటుంది. అది గుంటలు అచ్చువేసిన డిస్కు కాదు, రంగు పూతను లేజర్‌తో కాల్చి రాసినది. ఎండ, వేడి ఆ రంగును చెడగొడతాయి. వెండిలా మెరిసే సినిమా డిస్కుకు ఆ జబ్బు లేదు. ఊదా డిస్కులో రీడ్ ఎర్రర్ వస్తే కాపీ రక్షణ గురించి వెతకడం వృథా, వీలైనంత త్వరగా వీలైనంత మేర దించుకోవాలి.

అలా దించుకోవడానికి మంచి పద్ధతి, పట్టుబట్టకపోవడం. జీఎన్‌యూ డీడీరెస్క్యూ లాంటి ప్రోగ్రాంలు చేసేదదే. తప్పు తగలగానే ఆ చోటు పటంలో గుర్తు పెట్టుకుని ముందుకు గెంతుతాయి. సులువుగా వచ్చేదంతా వచ్చాక వెనక్కి తిరిగి కష్టమైనచోట్లు అంచుల నుంచి కొరుక్కుంటూ వస్తాయి. అదే పటంతో డిస్కును మరో డ్రైవ్‌లో పెట్టి కొనసాగించవచ్చు. లేజర్ బలం, లెన్సు శుభ్రత, మళ్ళీ చదవడంలో ఓపిక డ్రైవ్ డ్రైవ్‌కీ తేడా కాబట్టి ఒకటి వదిలేసిన బ్లాకును ఇంకొకటి చదవడం మామూలే. ఐఎఫ్ఓ ఫైలు దగ్గరే దెబ్బ తగిలితే కంగారు పడనక్కర్లేదు. దానికి అచ్చమైన నకలు బీయూపీ పేరుతో ఉంటుంది. ఒకే దెబ్బకు రెండూ పోకుండా వాటిని వేరు వేరు దిద్దుబాటు బ్లాకుల్లో ఉంచాలని నియమం.

చిక్కు కేసు ఒకటుంది. కావాలని వేసిన తప్పులూ ఉన్నాయి, నిజమైన గీతలూ ఉన్నాయి. గ్రంథాలయాలకు, సినిమాలు భద్రపరిచేవాళ్ళకు తరచుగా ఎదురయ్యేది ఇదే. అప్పుడు అదే ముద్రణకు చెందిన రెండో డిస్కు సంపాదించి, రెండింటి తప్పు సెక్టార్ల జాబితాలు పక్కపక్కన పెట్టాలి. రెండు జాబితాల్లోనూ అవే సంఖ్యలుంటే, ఎన్ని డ్రైవులు మార్చినా అవే వస్తుంటే, అటూ ఇటూ ఉన్న సెక్టార్లు శుభ్రంగా చదవబడుతుంటే అవి ఫ్యాక్టరీలో వేసినవి. ఒకదాంట్లోనే ఉన్నవి గీతలు. వాటిని రెండో డిస్కు నుంచి నింపుకోవచ్చు, ఎందుకంటే రెండు డిస్కులకు సరిగ్గా ఒకేచోట గీత పడటం అరుదు. గీత పోయి పోయి ఫ్యాక్టరీ పాడుచేసిన చోటే పడిందనుకోండి, అది ఏ జాబితాలోనూ విడిగా కనిపించదు. కనిపించకపోయినా నష్టం లేదు, ఆ సెక్టార్లలో సినిమా లేదు.